ఎర్రనీళ్లకు ముందొచ్చే ఇన్నాసమ్మ

వినండర్రా, చెబుతాను. గోదారి మీద వంతెన అనే మాట ఎవరూ ఎరగని రోజులవి. నది నడుమ ఒక లంక. ఒడ్డున కన్యాస్త్రీల మఠం, దాని పక్కన చిన్న ఆస్పత్రి.

ఆ మఠంలో ఇన్నాసమ్మ అనే సిస్టరు ఉండేది. మట్టి మోసే కూలీల బిడ్డ. ఆస్పత్రిలో గుడ్డలు ఉతికేది, గంజి కాచేది. పెద్ద సిస్టరు పక్కన నిలబడి పురుళ్లు పోయడం నేర్చుకుంది.

ఏటా వానాకాలంలో గోదారికి ఎర్రనీళ్లు వచ్చేవి. పడవలు ఆగిపోయేవి. కాన్పు కష్టమైతే ఒడ్డుకు చేరే దారిలేక లంకలో తల్లులు చచ్చిపోయేవారు. వరద తగ్గి నీళ్లు తీశాక మొదటి పడవలో వాళ్ల పసిగుడ్లను మఠానికి తెచ్చేవారు. ఇన్నాసమ్మే వాళ్లకు పాలు పట్టేది. పట్టి పట్టి, ఒక ఏడు మఠానికి పెద్దయిన మదరమ్మ దగ్గరకు వెళ్లింది.

"మదరమ్మా, ఈసారి ఎర్రనీళ్లకు ముందే లంకకు పోతాను. నీళ్లు తీసేదాకా అక్కడే ఉంటాను."

"నీకేమన్నా అయితే మేం రాలేం తల్లీ."

"వాళ్లకైనా అంతేగా అమ్మా."

మదరమ్మ ఆమె నుదుట సిలువ గుర్తు వేసి పంపింది.

లంకలో మొదటి ఇంటికి వెళ్లింది. "ఎవరి పిల్లవో ఏమో, మా గడప తొక్కొద్దు" అంది ఆ ఇంటి అత్త.

"తొక్కను. కానీ నీళ్లు తీసేదాకా ఇక్కడే ఉంటాను."

రెండో ఇంటికి వెళ్లింది. "మమ్మల్ని మతంలో కలపడానికొచ్చావా?" అన్నారు.

"కాన్పులకొచ్చాను. నీళ్లు తీసేదాకా ఇక్కడే ఉంటాను."

మూడో ఇల్లు మంత్రసాని నూకాలమ్మది. "నా చేతులు పడిపోయాయనుకున్నావా?" అంది ముసలమ్మ.

"లేదు పెద్దమ్మా. ఓ మూల చోటివ్వు చాలు."

నూకాలమ్మ పశువుల పాక చూపించింది.

ఎర్రనీళ్లొచ్చాయి. పాకలో తడి ఆరలేదు. ఎవరూ పిలవలేదు. ఇన్నాసమ్మ మాత్రం రోజూ గర్భిణులున్న ఇళ్ల ముందు నిలబడి, ఒంట్లో ఎలా ఉందని అడిగి వచ్చేది.

ఒకరోజు మొదటి ఇంటి కోడలికి నొప్పులొచ్చాయి. పొద్దెక్కినా బిడ్డ రాలేదు. నూకాలమ్మే పాకకు నడిచొచ్చింది.

"బిడ్డ కాళ్లతో వస్తోంది. నా రెండు చేతులూ చాలడం లేదు. రా."

గుమ్మంలో అత్త అడ్డంగా నిలబడింది.

"తప్పుకో. మేమిద్దరం లోపలికెళ్తే లోపల ఇద్దరూ బతుకుతారు" అంది నూకాలమ్మ.

ఒకరు కడుపు పట్టుకున్నారు, ఒకరు బిడ్డను పట్టుకున్నారు. పొద్దు వాలేవేళకు ఏడుపు వినబడింది. తల్లీ బిడ్డా దక్కారు. ఇన్నాసమ్మ పాకకు బయల్దేరబోతే అత్త చెయ్యి పట్టుకుంది.

"నీళ్లు తీసేదాకా మా ఇంట్లోనే ఉండమ్మా."

ఆ తర్వాత ఇన్నాసమ్మ ఏ ఏడూ మానలేదు. నూకాలమ్మ పోయింది. ఇన్నాసమ్మ తల నెరిసింది. ఒక వానాకాలం మంచం దిగలేకపోయింది.

"నా దగ్గర కూర్చోకండి. పడవ ఆగకముందే ఎవరైనా బయల్దేరండి" అంది చుట్టూ చేరిన సిస్టర్లతో.

శౌరమ్మ అనే సిస్టరు కళ్లు తుడుచుకుని పడవెక్కింది. ఆ వరదలోనే ఇన్నాసమ్మ కన్నుమూసింది. లంకవాళ్లు సమాధి దగ్గరకు రాలేకపోయారు. చావుగంట నీళ్ల మీదుగా వినబడితే, రేవులో ఒడ్డువైపు తిరిగి, గంట ఆగేదాకా తడుస్తూ నిలబడ్డారు.

శౌరమ్మ తర్వాత మరో సిస్టరు, ఆమె తర్వాత ఇంకొకరు. మఠంలో ఎవరి పేరు వాళ్లకుంది. లంకలో మాత్రం ఎవరొచ్చినా ఇన్నాసమ్మే. ఇప్పటికీ ఎగువన వానలు పడుతున్నాయని తెలిస్తే, లంకవాళ్లు వరద ఎంతొస్తుందని అడగరు. "ఇన్నాసమ్మ దిగిందా?" అని అడుగుతారు.

దిగిందంటే, కడుపుతో ఉన్న ఆడవాళ్లున్న ఇళ్లలో ఆ పూట స్థిమితంగా అన్నం తింటారు.