ముప్పై ఒక్క బొమ్మల కన్ను

తోలుబొమ్మలు చేసే వన్నూరమ్మ దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు పనిచేస్తారు. మేకతోలు గీకేదీ, బొమ్మ కోసేదీ, రంగులద్దేదీ వాళ్ళే. చివర్లో ఉలితో తొలిచి కన్ను తెరిచేది మాత్రం వన్నూరమ్మే. ఆ ఉలి ఎప్పుడూ ఆమె కొంగుముడిలోనే ఉంటుంది, మొగుళ్ళ జేబుల్లో బీరువా తాళాల్లాగా.

పట్నంలో ప్రదర్శనకు ముప్పై రెండు బొమ్మలు పంపాలి. ముప్పై ఒకటి అయ్యేసరికి వన్నూరమ్మకు చూపు మసకేసింది. అయినా ఉలి ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఆరుగురూ రెండు రోజులుగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. మూడోరోజు పొద్దున కుళ్ళాయమ్మ లేచింది.

"పన్నెండేండ్లాయెనక్కా. నా చేతిమీద నమ్మకం లేనిచోట ఇంకెందుకు? రేపట్నుంచి రాను."

వన్నూరమ్మ తనకు పని నేర్పిన తిప్పమ్మ దగ్గరికి పరిగెత్తింది.

"అవ్వా, కుళ్ళాయమ్మ పోతే బొమ్మల కొట్టం మూతబడుతుంది. ఉలి ఇస్తే బొమ్మ చెడిపోతుంది. ఎట్ల చేసేది?"

ముసలామె బోసినోటితో నవ్వింది.

"'నీ చేతి వంటే వంట' అని పొగిడి మనల్ని పొయ్యికాడ కూలేసినారు మగోళ్ళు. నిన్నెవురు పొగిడినారు మే? నువ్వేనా?"

మిట్టమధ్యాహ్నం తిప్పమ్మ కొట్టానికి వచ్చింది. ఆడవాళ్ళను బయట కూర్చోమని తలుపులు మూసింది. తెల్లగుడ్డ కట్టి, ఆ ముప్పై ఒక్క బొమ్మల్నీ ఈతముళ్ళతో దానికి గుచ్చింది. వెనక ఆముదం దీపం వెలిగించింది.

వన్నూరమ్మ తెర ముందు నిలబడింది.

రాముడు చూస్తున్నాడు. రావణుడు చూస్తున్నాడు. సీత, శూర్పణఖ, కోతులు, జింక. ముప్పై ఒక్క ముఖాల్లో ఒకే కన్ను. కిందిరెప్ప వాచిన కన్ను. ఎవరినీ నమ్మని కన్ను. పొద్దున అద్దంలో చూసిన తన కన్నే.

ఆమె ఎడమకు జరిగింది. ఆ చూపూ జరిగింది. దీపం రెపరెపలాడింది. అన్ని రెప్పలూ ఒక్కసారి అలిసి వాలినట్టయింది. గాలి లేదు.

"చాలవ్వా, ఆర్పెయ్" అంది.

తిప్పమ్మ ఆర్పలేదు.

"నీకు మొదట ఉలి ఇచ్చినపొద్దు నేను గోడపక్క తిరుక్కొని కూసుంటి. గ్యాపకముందా?"

"ఉంది. నామీద అంత నమ్మకం నీకు."

"నమ్మకమా, నా మొగమా! బయం మే. ఏడ చెడగొడతావో అని. సూస్తావుంటే ఉలి పెరుక్కుంటానని తిరుక్కుంటి."

వన్నూరమ్మ తలుపు తీసి కుళ్ళాయమ్మను పిలిచింది. ఆమె లోపలికి వచ్చింది. తెర చూసి, వన్నూరమ్మ ముఖం చూసి, మళ్ళీ తెర చూసింది.

వన్నూరమ్మ కొంగుముడి విప్పి ఉలి కుళ్ళాయమ్మ చేతికిచ్చింది. ఉలి అంత వెచ్చగా ఉంటుందని ఇన్నేళ్ళూ ఆమెకు తెలీదు.

"మండోదరి మిగిలింది. రెప్పకాడ తోలు పల్చన. మెల్లగా కొట్టు" అంది. ఇంకా ఏదో చెప్పబోయింది. తిప్పమ్మ చూసింది. వన్నూరమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది.

టక్.

వన్నూరమ్మ పిడికిళ్ళు బిగించింది.

టక్. టక్.

తర్వాత చప్పుడు లేదు. కానీ వీపుమీద, రెండు భుజాల నడుమ, మండోదరి చూపు ఆనింది. అది తనది కాదు.

ఆమె తిరిగి చూడలేదు.