హిల్యా అనే పేరుకి అర్థం

తౌనో అనే కుర్ర పాస్టరుకి ఒక జబ్బుండేది. ఎవరైనా పేరు చెబితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ విప్పకుండా వదిలేవాడు కాదు.

ఫిన్లాండులో ఒక పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఊళ్లో అతను యల్మరి అయ్యగారి దగ్గర పని నేర్చుకునేవాడు. అయ్యగారు ఆ ఊరి పాస్టరు. నలభై ఏళ్లుగా అక్కడే బాప్తిస్మాలిచ్చి, పెళ్లిళ్లు చేసి, పోయినవాళ్లను సాగనంపిన మనిషి. మాట తక్కువ. ఆయన మిగిల్చిన మాటలన్నీ తౌనో మాట్లాడేవాడు.

ఆడవాళ్ల పేర్లంటే అతనికి మరీ ప్రాణం. పాలు పోసే హెల్మి గుమ్మంలో కాలు పెట్టగానే, "హెల్మి అంటే ముత్యం, తెలుసా?" అనేవాడు. ఆవిడ "పాలు ఎంత పొయ్యమంటావు?" అనేది. లాహ్యా అంటే కానుక. రౌహా అంటే శాంతి. తైమి అంటే నారుమొక్క. కైసా ఉందే, అది కతరీనా అనే పరదేశపు పేరు, ఇక్కడి నోళ్లలో నలిగి నలిగి కైసా అయింది. ఇదంతా ఒక నల్ల అట్ట పుస్తకంలో గళ్లు గీసి రాసుకునేవాడు. మనకీ ముత్యాలమ్మలున్నారు, శాంతమ్మలున్నారు. పిలిచినప్పుడల్లా అర్థం చెప్పేవాడు ఒకడు తగిలితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఒకసారి అయ్యగారు అడిగాడు. "మరి నీ పేరుకి?"

"అణకువ, అయ్యగారూ."

"ఆహా," అన్నాడాయన.

అది కూడా ఎక్కలేదు మహానుభావుడికి.

ఆగస్టు నెలాఖరున ఒక మధ్యాహ్నం, అయ్యగారు ఎవరినో చూడ్డానికి వెళ్లినప్పుడు, సైమి అనే అమ్మాయి పాపని బుట్టలో పెట్టుకుని వచ్చింది. ఏడు వారాల పాప. వచ్చే ఆదివారం బాప్తిస్మం. తౌనో కాఫీ పోసి ఆమె ముందు పెట్టాడు.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. బిడ్డకి ఏం పేరు పెడతారో బాప్తిస్మం నాటిదాకా ఎవరికీ చెప్పరు. తాతలూ అమ్మమ్మలూ ఎంత బతిమాలినా తల్లిదండ్రులు నోరు విప్పరు. పాస్టరు నోటి నుంచే మొదటిసారి వినాలి.

"మీకొక్కరికే ముందు చెప్పి పోదామని వచ్చాను," అంది సైమి. ఆమె ముఖం వెలిగిపోతోంది. "హిల్యా అని పెడతాం. మా అమ్మమ్మ పేరు. నన్ను పెంచింది ఆవిడే. ఆవిడకి కూడా చెప్పలేదు."

తౌనో నల్ల పుస్తకం తీశాడు. తియ్యకుండా ఉంటాడా!

"హిల్యా అంటే నిశ్శబ్దం," అన్నాడు. "ఒక కాలంలో ఆడపిల్లలకి ఇలాంటివే పెట్టేవాళ్లు. హిల్యా, వియెనో, త్యూనె. నిశ్శబ్దం, మెతకదనం, నెమ్మది. అదే మగపిల్లాడైతే వోయిత్తో, అంటే విజయం. ఉర్హో అంటే వీరుడు."

ఇక్కడితో ఆగినా బాగుండేది. చెప్పింది నిజమే కదా. కానీ అతను బుట్టలోకి తొంగి చూశాడు.

"పాప నెలలు నిండకుండా పుట్టిందటగా? గట్టిగా ఏడవను కూడా ఏడవదని విన్నాను. అలాంటి బిడ్డకి ఏరికోరి ఈ పేరా?"

సైమి కప్పు వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. బుట్టలో పాప కదిలి పిల్లికూనలా ఒక చిన్న చప్పుడు చేసింది.

"అంటే... ఈ పేరు పెడితే దీనికి..."

"పెట్టకూడదని నేననలేదు. అర్థం చెప్పాను, అంతే."

అంతేనట! పచ్చి బాలింతరాలి గుండెల్లో రాయి వేసి, అంతేనట.

"ఇంకో పేరు చూస్తాలెండి," అంది సైమి. బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. దారి పొడుగునా ఏడ్చిందని తర్వాత హెల్మి చెప్పింది.

అయ్యగారు తిరిగొచ్చేసరికి బల్ల మీద కప్పు అలాగే ఉంది. ఆయన వేలితో తాకి చూశాడు. నిండుగా, చల్లగా ఉంది. ఆ ఊళ్లో ఇచ్చిన కాఫీ తాగకుండా పోవడమంటే, మన ఇళ్లల్లో కూర్చున్న విస్తరి ముందు నుంచి లేచిపోయినట్టే.

"ఎవరొచ్చారు?"

"సైమి, అయ్యగారూ."

"ఏమన్నావు?"

తౌనో అంతా చెప్పాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు, ఎందుకంటే తప్పు చేశానని అతనికి తోచనే లేదు. అయ్యగారు నల్ల పుస్తకం అందుకుని హిల్యా ఉన్న పేజీ తీశాడు. చదివాడు. జేబులోంచి ఒక పెన్సిలు ముక్క తీసి, ఆ పేజీలో పెట్టి పుస్తకం మూశాడు.

"హిల్యా అవతలి ఒడ్డునే ఉంటుంది. రేపు తెల్లారగానే పడవలో వెళ్లి, ఆ పేరుకి అర్థమేమిటో ఆవిడనే అడిగి రాసుకురా."

"అర్థం రాసే ఉంది కదండీ."

"పక్కన ఇంకా చోటుంది. ఎందుకడుగుతున్నావో మాత్రం నోరు జారకు. పేరు రహస్యం."

ఇలాంటి పనికి తెడ్లు వెయ్యడమా అని తౌనోకి లోపల మండింది. కానీ గురువు మాట. మర్నాడు పొద్దున్నే పడవ విప్పాడు.

సగం దూరం పోయాడో లేదో, పొగమంచు దిగింది. ముందు అవతలి ఒడ్డు పోయింది. తర్వాత ఇవతలి ఒడ్డు పోయింది. ఆ తర్వాత తన తెడ్ల చివళ్లే అతనికి కనపడలేదు. నలభై ఏళ్లు అక్కడున్న అయ్యగారికి ఆగస్టు పొద్దుల్లో ఆ సరస్సు సంగతి తెలియదంటారా? నేను మాత్రం నమ్మను.

తౌనో తెడ్లు వేస్తూనే ఉన్నాడు. ఎటు వేస్తున్నాడో తెలియదు. ఒకసారి పడవ అడుగు బండకి గీసుకుని కిర్రుమంది. నీళ్లు కాళ్లదాకా ఎగిరిపడ్డాయి. ఆ నీళ్లలో పడితే మనిషి బిగుసుకుపోవడానికి ఎంతోసేపు పట్టదు. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాటా గుర్తు రాలేదు. అన్ని పేర్ల అర్థాలు తెలిసినవాడికి ఆ తెల్లటి గోడలో ఎవరి పేరు పెట్టి పిలవాలో తెలియలేదు.

అప్పుడు వినపడింది. ఇనుము మీద ఇనుము. ఠంగ్, ఠంగ్, ఠంగ్. దాని వెనకే ఒక గొంతు.

"హూ... ఓయ్! ఎవర్రా నీళ్లలో?"

ఎంత గొంతనుకున్నారు! మంచుని చీల్చుకుని వచ్చింది.

"నేను!" అన్నాడు తౌనో.

"వినపడలా! అన్నం తిన్నావా లేదా? గట్టిగా అరువు!"

"నేనూ! తౌనో!"

"కుడి తెడ్డు ఆపు! ఎడమదే వెయ్యి! ఆ... ఇప్పుడు రెండూ వెయ్యి! నా గొంతుకి నీ వీపు పెట్టి రా! ఆగకు, ఆగావంటే తంతాను!"

ఆ గొంతు తిడుతూనే ఉంది, ఇనుము మోగుతూనే ఉంది, తెడ్లు వేసేవాడి వీపే కదా ముందుకి పోయేది, అతను వీపుతో దాన్ని పట్టుకుని వస్తూనే ఉన్నాడు. చివరికి పడవ ఇసుకలోకి దిగింది. ఒక చెయ్యి వచ్చి అతని కాలరు పట్టుకుని ఒడ్డుకి లాగింది.

చూస్తే ఇంతే మనిషి. అతని భుజం దాకా కూడా రాదు. ఎనభై దాటిన ముసలమ్మ, చేతిలో సుత్తి. పక్కనే దేవదారు కొమ్మకి ఒక రైలుపట్టా ముక్క వేలాడుతోంది, మన పల్లెటూరి బళ్లలో గంటకి బదులు కట్టేలాంటిది.

"మీరు..." అన్నాడు తౌనో వణుకుతూ.

"హిల్యాని. లోపలికి పద, ముందు కాఫీ తాగు."

రెండు కప్పులు తాగాక గానీ అతనికి పళ్లు కొట్టుకోవడం ఆగలేదు. నల్ల పుస్తకం కోటు జేబులో తడిసి ముద్దయింది. అయినా వచ్చిన పని గుర్తొచ్చి అడిగాడు.

"అమ్మమ్మా, మీకా పేరు ఎవరు పెట్టారు?"

"మా నాన్న. నేను ఎనిమిదోదాన్ని. ఇంట్లో ఇంక గోల చాలని పెట్టాడట," అని పకపకా నవ్వింది. ఆవిడకి చెవులు సరిగ్గా వినపడవు. మామూలు మాట కూడా కేక వేసినట్టే అంటుంది.

"మరి ఈ ఇనుము ఎప్పటి నుంచి కొడుతున్నారు?"

నవ్వు ఆగింది.

"ఇలాంటి పొద్దే. మా ఆయన వలలు తియ్యడానికి పోయాడు. మంచు దిగింది. నేను ఒడ్డున నిలబడ్డాను. ఆయన తెడ్ల చప్పుడు వినపడుతోంది నాకు, అంత దగ్గర. ఒక్క కేక వేస్తే వచ్చేవాడే. కానీ ఆడది కేకలెయ్యకూడదని మా అమ్మ నేర్పింది. ఆయన పేరు పెట్టి పిలవాలంటే నాకు సిగ్గేసింది. ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడని చూస్తూ నిలబడ్డాను. తెడ్ల చప్పుడు దూరమైపోయింది నాయనా. ఇంక రాలేదు."

ఆవిడ తలగుడ్డ కొసతో ముక్కు తుడుచుకుంది.

"మర్నాడే ఈ ఇనుము కట్టాను. అప్పటి నుంచి మంచు దిగినప్పుడల్లా పిలుస్తూనే ఉన్నా. లోపల ఎవరన్నా ఉన్నారో లేదో నాకేం తెలుసు? పిలుస్తా, అంతే. ఉన్నవాడు వస్తాడు."

"ఎంతమంది వచ్చారు అమ్మమ్మా?"

"లెక్కెవడు పెట్టాడు? ఇవాళ నువ్వొచ్చావు. ఇంతకీ ఏం పని మీద వచ్చావు?"

తౌనో తడిసిన పుస్తకం జేబులోంచి తియ్యబోయి ఆగిపోయాడు.

"ఏం లేదమ్మమ్మా. అయ్యగారు మిమ్మల్ని ఆదివారం గుడికి తప్పకుండా రమ్మన్నారు."

అది అబద్ధమే. దేవుడు క్షమిస్తాడనే నా నమ్మకం.

మంచు విడిపోయాక అతను తిరిగొచ్చి, ఇంటికి పోకుండా తిన్నగా సైమి వాకిట్లో నిలబడ్డాడు. బట్టలింకా తడిగానే ఉన్నాయి.

"నిన్న నేను మిమ్మల్ని భయపెట్టాను. తప్పయిపోయింది," అన్నాడు.

"ఇంకో పేరు అనుకున్నాంలెండి," అంది సైమి ముభావంగా. "ఓర్వొక్కి. వయొలెట్ పువ్వు పేరేగా, భయం లేదుగా దాంతో?" అతను పుస్తకం తీస్తాడేమోనని ఆమె చూసింది. అతను తియ్యలేదు.

"ఇవాళ పొద్దున్న నేను చచ్చిపోయేవాణ్ణి. మీ అమ్మమ్మ అరిచింది. అందుకే ఇక్కడ నిలబడ్డాను."

సైమి ఒక అడుగు ముందుకేసింది. కళ్లు నిండాయి. "మా అమ్మమ్మ అరుపు నాకు తెలియదా! చిన్నప్పుడు దానికేగా నిద్ర లేచేదాన్ని," అంది. ఏదో చెప్పబోయింది.

"ఏం పేరో నాకు చెప్పకండి," అన్నాడు తౌనో కంగారుగా. "ఆదివారం దాకా రహస్యం కదా."

ఆమె లోపలికి వెళ్లి కాఫీ తెచ్చిచ్చింది. అతను చుక్క మిగలకుండా తాగాడు.

ఆదివారం గుడి నిండిపోయింది. ముసలి హిల్యా ముందు వరసలో కూర్చుంది, మంచి శాలువా కప్పుకుని. బాప్తిస్మం వేళకి అయ్యగారు పక్కకి జరిగి, "నువ్వియ్యి," అన్నాడు. తౌనో ఉలిక్కిపడ్డాడు. అప్పటిదాకా అతనెప్పుడూ ఇవ్వలేదు.

పాపని చేతుల్లోకి తీసుకున్నాడు. గాలంత తేలిక. కళ్లు మూసుకుని, చప్పుడు లేకుండా ఉంది. ఇప్పుడు ఈ తల్లి ఏ పేరు చెప్పినా దానికి కారణం తన నోరే.

"ఈ బిడ్డకి ఏ పేరు పెట్టారు?"

సైమి పాప వైపు చూసింది. ముందు వరస వైపు చూసింది. తర్వాత చాలా మెల్లిగా, అతనికొక్కడికే వినపడేలా చెప్పింది.

తౌనో ఊపిరి నిండా తీసుకున్నాడు. మంచులో అరిచినంత గట్టిగా అరిచాడు.

"హిల్యా!"

నీళ్లు పాప తల మీద పోశాడు. గుడంతా గుసగుసలు లేచాయి. ముందు వరసలో ముసలమ్మ లేచి నిలబడింది.

"ఏం చేశాన్నేను? నన్నెందుకు పిలిచారు?"

"నిన్ను కాదు అమ్మమ్మా," అంది సైమి ఏడుస్తూ నవ్వుతూ. "పాపని! నీ పేరే పెట్టాం!"

ముసలమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. ఒక్క క్షణం, ఒడ్డున నిలబడ్డ ఆ పొద్దు లాగే, పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. తౌనోకి భయమేసింది.

అప్పుడొచ్చింది.

"హూ... ఓయ్! హిల్యా!"

కిటికీ అద్దాలు అదిరాయి. వెనక వరసలో నిద్రపోతున్న ముసలాయన ఒకడు తెడ్డు కోసం తడుముకున్నాడు. పాప ఒళ్లంతా జలదరించి, కళ్లు విప్పి, పిడికిళ్లు బిగించి, ఏడు వారాలుగా దాచుకున్నదంతా బయటపెట్టింది. ఆ ఏడుపు పైకప్పుని తాకింది. ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తుకుంది. సైమి చప్పట్లు కొట్టింది. గుళ్లో చప్పట్లు కొట్టకూడదని ఎవరికీ గుర్తు రాలేదు, అందరూ కొట్టారు.

"వస్తోందర్రా! ఒడ్డుకొస్తోంది!" అని అరుస్తోంది ముసలి హిల్యా.

ఆ గోలలో యల్మరి అయ్యగారు శిష్యుడి చెవి దగ్గరికి వంగాడు.

"ఇప్పుడు రాసుకో," అన్నాడు.

తౌనో రెండు చేతుల్లోనూ పాప ఉంది.