ఓబుళమ్మ పనిముట్ల పెట్టె

ఓబుళమ్మకి ముప్పై ఆరేళ్లు. ఎవరింటికెళ్లినా గోడకి వీపు ఆనించే కూర్చునేది.

ఆళ్లగడ్డలో హజరాబీ దగ్గర నాలుగేళ్లుగా వడ్రంగం నేర్చుకుంటోంది. హజరాబీ మొగుడు పోయాక ఆయన బాడిసె తను పట్టింది. ఆడది బాడిసె పడితే అరిష్టమన్న ఊరే, తలుపులు కుంగినప్పుడల్లా ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడేది.

హజరాబీకి ఒక పద్ధతి ఉంది. సొంతంగా పని పెట్టుకుంటానన్న శిష్యుల పెట్టె చూడాలి. ఆ పెట్టెలోని పనిముట్లతో ఒక్క అతుకు ఇద్దరూ కలిసి వెయ్యాలి. నచ్చితే తన ఖాతాదార్లని పంపుతుంది. నచ్చకపోతే ఇంకో ఏడాది తన దగ్గరే.

ఓబుళమ్మకి ఇంకో ఏడాది ఆగే ఓపిక లేదు. పెరటి రేకుల షెడ్డులో పెట్టె సిద్ధం చేసుకుంది. బజార్లో మెరిసే సెట్టు కొనకుండా ఒక్కో ఉలిని గోటి మీద ఆనించి చూసి ఏరుకుంది. అంతవరకూ గురువు మెచ్చే పనే.

సర్దడం దగ్గరే అనుమానం అడ్డొచ్చింది. అనుమానమంటే ఊరికే పుట్టింది కాదు. తల్లి నుంచి ఓబుళమ్మకి వచ్చిన ఆ ఇంట్లోనే తిని పడుకునే మరిది మద్దిలేటి, ఆమె చిత్రికని ఎత్తుకుపోయి అమ్ముకున్నాడు. అడిగితే, "ఇంట్లో వస్తువే కదా వదినా, నీదీ నాదీ ఏముంది?" అన్నాడు. మొగుడు పేపర్లోంచి తలెత్తలేదు. ఈ సంగతి హజరాబీకీ తెలుసు.

అందుకే పెట్టెలో పైన తుప్పు మేకులు, విరిగిన పట్టకార్లు పోసింది. కింద ఒక చెక్క బిగించింది. ఆ చెక్క కింద పాత చీరలో మూడు ముళ్లేసి మంచి ఉలులు దాచింది. ఆపైన పెట్టెకి తాళం.

హజరాబీ వచ్చి పెట్టె చుట్టూ తిరిగింది. అంతసేపు చూస్తుంటే ఓబుళమ్మకి గురువు మీదా అనుమానం పుట్టింది. సన్న ఉలి మీద కన్నేసిందా ఈ ముసల్ది?

"ఎవురికీ దొరకదు గదా మే?"

"దేవుడికైనా దొరకదవ్వా."

"సరే. వజ్రం కాగబెట్టు."

వడ్రంగుల వజ్రం బంక వేడిగా ఉన్నంతసేపే మాట వింటుంది. హజరాబీ తను తెచ్చిన పీట కాలికి బంక పూసి కంతలోకి దించింది. కాలు సగంలో పట్టేసింది.

"సన్న ఉలి ఇయ్యి. కంత అంచు గీకల్ల."

ఓబుళమ్మ బొడ్లోంచి తాళంచెవి లాగింది. మేకులు కుమ్మరించింది. చెక్క ఊడబెరికింది. మొదటి ముడి గోళ్లతో విప్పింది, రెండోది పళ్లతో.

హజరాబీ పీట కాలు పట్టుకుని అట్లాగే కూర్చుంది. తొందరపెట్టలేదు.

ఉలి బయటికొచ్చేసరికి బంక బిగుసుకుపోయింది. పీట కాలు సగం లోపల, సగం బయట, వంకరగా నిలిచింది.

ఓబుళమ్మ దాన్ని కదిపి చూసింది. కంతనీ కాలినీ మార్చి మార్చి చూసింది.

"కావాలనే లావు కాలు తెచ్చినావు గదా అవ్వా?"

"ఆ."

"ఎందుకట్లా?"

"ఈ పెట్టె ఎవురు సర్దినారు?"

"నేనే."

"కాదు. మద్దిలేటి సర్దినాడు."

హజరాబీ మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. వంకర పీటని అక్కడే వదిలేసి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ఓబుళమ్మ మరిది బట్టల మూట తెచ్చి వీధిలో పెట్టింది. మొగుడు రెండు పూటలు అన్నం మానేశాడు. మూడో పూట తనే వండుకున్నాడు.