పైడయ్య భద్రం చేయమన్న పత్రం

సర్దారు జగ్గభూపతికి ఎవరి మీదా నమ్మకం లేదు. ఆయన ఒక్కగానొక్క కూతురు నాగలాంబ, రేవులో పడవ నడిపే పైడయ్యను తప్ప మరొకరిని చేసుకోనని భీష్మించుకు కూర్చుంది. చేసేది లేక సర్దారు ఒప్పుకున్నాడు గానీ, పెళ్లికి ముందే ఒక ఒప్పందపత్రం రాయించాడు. నాగలాంబ ఆస్తిలో పైడయ్యకు హక్కు ఉండదు. పెళ్లయ్యాక ఆలుమగలు సంపాదించేదంతా, ఆఖరికి పైడయ్య పడవతో సహా, సర్దారుకే చెందుతుంది.

పైడయ్య పత్రమంతా చదివించుకుని విన్నాడు. బతిమాలతాడనో బేరమాడతాడనో సర్దారు ఎదురుచూశాడు. అతను నవ్వుతూ వేలిముద్ర వేసేశాడు.

"నీకు అభ్యంతరమేమీ లేదా?" అన్నాడు సర్దారు.

"లేదండయ్యా. పత్రం మాత్రం భద్రంగా దాచండి. మున్ముందు నాకు దీంతో చాలా పని ఉంది."

సర్దారు గుండెల్లో రాయి పడింది. పత్రంలో ప్రతి మాటా తరచి తరచి చూశాడు. ఎక్కడా మెలిక కనబడలేదు. కనబడకపోయేసరికి భయం ఇంకా పెరిగింది. న్యాయం తెలిసిన పండితుణ్ణి పిలిపిస్తే, "అంతా తమకే లాభం ప్రభూ" అన్నాడాయన. ఈయన కూడా పైడయ్యతో చేతులు కలిపాడేమోనని అనుమానించి సర్దారు ఆయన్ను పంపేశాడు.

పెళ్లిపందిట్లో అందరూ చూస్తుండగా పత్రాన్ని నిప్పుల్లో వేసి, ఆ ఒప్పందం చెల్లదని చాటించాకే సర్దారుకు ఊపిరాడింది.

తలంబ్రాలయ్యాక అల్లుణ్ణి పక్కకు పిలిచాడు. "ఇప్పుడైనా చెప్పు. ఆ పత్రంతో నీకేం పని?"

"అది కాలిపోవాలి, అంతే మామగారూ. నేను వద్దని ఉంటే మీరు దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసేవారు."