వెచ్చని రాళ్లను వెతికిన ఉడుము

పిల్లలూ, అనగనగా చలి బాగా పట్టే ఒక కొండ మీద ఒక అడవి ఉండేదట. ఆ అడవిలో రాయమ్మ అనే ఉడుము ఉండేది. ఉడుములకి ఎండంటే ప్రాణం. పొద్దున్నే ఒంటికి ఎండ తగలందే కాలు కదపలేవు. అందుకే ఏ రాయి ఎప్పుడు వేడెక్కుతుందో, ఏ వాలు మీద ఎండ ఎంతసేపు ఉంటుందో రాయమ్మకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

ఆ అడవి జంతువులు చలికాలమంతా ఒక పెద్ద గుహలో మంట వేసుకునేవి. ఎప్పుడో పిడుగు పడి పుట్టిన నిప్పుని ఆరిపోకుండా కాపాడుకుంటూ వచ్చాయి. మంటకి కట్టెలు కావాలి కదా. మొదట్లో గుహ పక్కనే దొరికేవి. తర్వాత ఒక కొండ దాటాల్సి వచ్చింది. ఆ తర్వాత మూడు కొండలు. ఎవరి కట్టెలు వాళ్లే ఈడ్చుకురావాలి. ఆ ఏడు ఒక జింక కట్టెలు లాక్కొస్తూ లోయలోకి జారి కాలు విరగ్గొట్టుకుంది.

అడవికి పెద్ద ఒక ముసలి అడవిదున్న. అందరూ ఆయన్ని పెద్దయ్య అనేవారు. ఆయన అందరినీ పిలిచి ఏం చేద్దామని అడిగాడు. గుహ పక్కనున్న ఇప్పతోపుని పడగొడతానంది ఏనుగు. ఎండాకాలంలో ఆ ఇప్పపూలే అడవికి తిండి. కానీ కళ్లముందు పిల్లలు వణుకుతుంటే ఎండాకాలం ఎవరికి గుర్తొస్తుంది? చాలామంది సరేనన్నారు.

అప్పుడు రాయమ్మ ముందుకొచ్చింది.

"పెద్దయ్యా, నాకు పదిహేను రోజులు గడువివ్వండి. ఎండకి కాగిన రాళ్లతో పిల్లల్ని వెచ్చగా ఉంచగలమేమో చూసొస్తాను. కుదరదని తేలితే అదీ చెప్తాను" అంది.

పెద్దయ్య ఒప్పుకున్నాడు.

కొమ్మయ్య అనే కొండముచ్చు ఆమెకి తోడు వెళ్లాడు. రాయమ్మ కొండ చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఒకసారి తెల్లరాళ్లు చూసింది, ఒకసారి ఎర్రరాళ్లు, ఒకసారి నల్లరాళ్లు. పొద్దు వాలాక ప్రతి రాతికీ పొట్ట ఆనించి చూసేది. మళ్లీ తెల్లవారకముందే వెళ్లి ఆనించేది. ఆ చలికి ఆమె ఒళ్లు కొయ్యబారిపోయేది. కొమ్మయ్య ఎండలోకి లాగితేగాని నోట మాట వచ్చేది కాదు. అయినా ఒక్క రాయిని కూడా వదల్లేదు.

చివరికి ఒక సంగతి తేలింది. పడమటి వాలు మీది నల్లరాళ్లు సాయంత్రానికి పొయ్యి గట్టులా వెచ్చగా ఉంటాయి. కానీ తెల్లవారేసరికి చల్లబడిపోతాయి.

కొమ్మయ్య ఆ ఇప్పతోపులోనే పుట్టాడు. ఆ మాట వినేసరికి అతని మొహం వాడిపోయింది.

"అక్కా, సాయంత్రం వెచ్చగా ఉంటాయని మాత్రం చెప్పు. అది అబద్ధం కాదుగా. తెల్లవారుజాము సంగతి ఎత్తకు. తోపు బతుకుతుంది" అని బతిమాలాడు.

రాయమ్మ తల అడ్డంగా ఊపింది. తోపు బతకాలని ఆమెకి మాత్రం లేదా?

"కొమ్మయ్యా, నా మాట నమ్మి తల్లులు పిల్లల్ని ఆ రాళ్ల మీద పడుకోబెడతారు. తెల్లారేసరికి ఆ పిల్లలకేమన్నా అయితే? ఆ తర్వాత నా మాటే కాదు, కష్టపడి వెతికి చెప్పే ఎవరి మాటా ఈ అడవి నమ్మదు" అంది.

గడువు రోజు వచ్చింది. రాయమ్మ సభలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. మంచి సంగతి ఎంత గట్టిగా చెప్పిందో, చెడ్డ సంగతీ అంతే గట్టిగా చెప్పింది. ఏనుగు లేచి తోపు వైపు కదిలింది. కొమ్మయ్య తల దించుకున్నాడు.

అప్పుడు సూదమ్మ అనే ముళ్లపంది మెల్లగా నోరు విప్పింది. ఆమె అంతకుముందెప్పుడూ సభలో మాట్లాడి ఎరగదు.

"ఆ రాళ్లు ఎందుకు చల్లబడుతున్నాయి, రాయమ్మా?"

"గాలికి" అంది రాయమ్మ.

"మా బొరియలోకి గాలి రాదు. రాళ్ల చుట్టూ గుంత తవ్వి, పొద్దు వాలగానే పైన ఎండుగడ్డి కప్పితే? నువ్వు తెల్లవారుజాము సంగతి చెప్పబట్టి నాకీ ఊహ తట్టింది" అంది సూదమ్మ.

పెద్దయ్య ఏనుగుని ఆపి ఇంకో మూడు రోజులిచ్చాడు. ముళ్లపందులు, అడవిపందులు కలిసి గుంతలు తవ్వాయి. మొదటిరోజు గడ్డి పలచనై వేడి నిలవలేదు. రెండోరోజు గుంతలో చెమ్మ చేరింది. మూడోరోజు అడుగున ఇసుక పోసి, గడ్డి మందంగా కప్పారు. తెల్లవారకముందే రాయమ్మ గుంతలోకి దిగి రాతికి పొట్ట ఆనించింది. కాసేపటికి చకచకా నడుచుకుంటూ పైకొచ్చింది. కొయ్యబారని ఆ కాళ్లు చూసి అందరికీ సంగతి అర్థమైంది. కాలు విరిగిన జింక తన కూనని అందరికంటే ముందు ఆ గుంతలో పడుకోబెట్టింది.

అప్పుడు కూడా రాయమ్మ గొప్పలు చెప్పుకోలేదు. మబ్బు పట్టిన రోజుల్లో ఈ రాళ్లు పనికిరావనీ, ఆ కాసిని రోజులకి రాలిపడిన ఎండుకట్టెలు చాలనీ చెప్పింది. ఎవరికి వారు మూడు కొండలు దాటే బదులు ఏనుగు ఒక్కసారి వెళ్లి అందరి కట్టెలూ తెస్తే మంచిదంది. తోపుని పడగొడతానన్న ఏనుగే ఆ పని సంతోషంగా తలకెత్తుకుంది. ఆ చలికాలం ఒక్క పచ్చని చెట్టు కూలలేదు, ఒక్క కూన చలికి నలగలేదు.

కబురు పక్క కొండకి పాకింది. అక్కడి ఎలుగుబంట్లు వచ్చి తమకీ నల్లరాళ్లు ఇమ్మని అడిగాయి.

"ఈ రాళ్లు మీకు పనికొస్తాయో లేదో నాకు తెలీదు. మీ కొండ మీద ఎండ ఎటు పడుతుందో ముందు చూడాలి. పదండి" అని రాయమ్మ వాటి వెంట బయల్దేరింది.

పొట్ట నేలకి రాసుకుంటూ మెల్లగా వెళ్తున్న ఆ ఉడుముని చూసి పెద్దయ్య లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూసి అడవంతా లేచి నిలబడింది.

నీతి: నలుగురి మేలు కోసం వెతికేవాళ్లు మంచితో పాటు లోపాన్నీ దాచకుండా చెప్పాలి, అప్పుడే నలుగురి తెలివీ వాళ్లకి తోడవుతుంది.