తల ఊపే రాజు, కొండసాని పాట

ఒకానొక రాజ్యానికి వీరకుంజరుడు రాజు. రాజ్యభారం మంత్రులు మోసేవారు, ఆయన సింహాసనం మీద కూర్చుని తల ఊపేవాడు. సంగీత సభల్లో అయితే మరీ ఘనంగా ఊపేవాడు.

ఏటా వసంతోత్సవంలో ఎవరి కీర్తనలు పాడాలో నిర్ణయించేది ఆస్థాన విద్వాంసుడు లింగభట్టు. ఏటా అవే పాటలు, అదే వరుస. ఆ ఊళ్ళోనే కొండసాని అనే ముసలావిడ ఉండేది. చిన్ననాటి నుంచీ పాటలు కడుతూనే ఉంది. సభలో మాత్రం ఆమె పాట ఒక్కటీ వినిపించలేదు.

"ఒక్కసారి సభలో పాడాలనుంది తిప్పాంబా. వచ్చే వసంతానికి ఈ గొంతు ఉంటుందో, ఉండదో" అంది ఒకనాడు.

తిప్పాంబ మాటకారితనంతో రాజుగారి కొలువులో చోటు సంపాదించుకున్న మనిషి. మర్నాడే కొలువులో ఆ మాట ఎత్తింది.

"కొండసానా? ఆడవాళ్ళ పాటలు! సభకు బరువు చాలదు" అన్నాడు లింగభట్టు.

"మీరు విన్నారా?"

"వినకుండానే తెలుస్తుంది. విద్వత్తంటే అదే మరి."

రాజు గొంతు సవరించుకున్నాడు. "అదీగాక తిప్పాంబా, పాత పాటయితే ఎక్కడ తల ఊపాలో మాకు తెలుసు. కొత్తపాటకు తప్పుచోట ఊపామనుకో, పొరుగు రాజులు నవ్వరూ?"

తిప్పాంబ చేతులు జోడించింది. "నిజమే మహాప్రభూ. సభకు తగని పాట రాజ్యంలో మాత్రం ఎందుకు? కొండసాని పాట ఎవ్వరూ, ఎక్కడా పాడకూడదని దండోరా వేయించండి."

"భేష్!" అని పొంగిపోయాడు లింగభట్టు. రాజు తల ఊపాడు. దండోరా మోగింది.

మర్నాడు రాజు పొద్దెక్కినా లేవలేదు. పొరుగు రాజ్యాల నుంచి వచ్చిన దూతలు చూసి చూసి వెళ్ళిపోయారు.

"మేలుకొలుపు పాడలేదేమే?" అని దాసిని గద్దించాడు.

"అది కొండసాని కట్టిన పాట ప్రభూ."

రాజు తెల్లబోయాడు. ఇంట్లో పాడే పాటను కూడా ఎవరో ఒకరు కూర్చుని కట్టే ఉంటారని ఆయనకు ఏనాడూ తోచలేదు.

ఇంతలో లింగభట్టు రొప్పుతూ వచ్చాడు, వెనకే తిప్పాంబ. ఆ రోజు ఆయన కూతురి పెళ్ళి.

"ప్రభూ! పిల్ల నలుగు పీట మీద కూర్చునుంది. కలిపిన పిండి ఎండిపోతోంది. పాట లేనిదే నలుగు పెట్టమని ఆడవాళ్ళు భీష్మించుకున్నారు. వేరే పాట పాడండంటే, తమకు వచ్చినవన్నీ కొండసానివేనట!"

"మీరు పాడలేకపోయారా?" అంది తిప్పాంబ.

"పాడాను. పెళ్ళికూతురు ఏడ్చింది."

సరిగ్గా అప్పుడే ఉయ్యాల్లో పసి యువరాజు కేరుమన్నాడు. లాలి పాడే ధైర్యం ఎవరికీ లేదు. లింగభట్టు బరువైన కీర్తన ఒకటి అందుకున్నాడు. పిల్లవాడు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, రెట్టింపు ఏడ్చాడు.

రాజు ఇక ఆగలేకపోయాడు. తానే ఉయ్యాల ఊపుతూ, చిన్నప్పుడు తల్లి నోట విన్న లాలి పాట ఎత్తుకున్నాడు. పిల్లవాడు సద్దుమణిగాడు. రాజు కళ్ళు మూసుకుని, పాట ఒంపు తిరిగిన ప్రతిచోటా తల ఊపుతున్నాడు.

"భటులారా!" తిప్పాంబ గుసగుసగా పిలిచింది. "పిల్లాడు లేవకుండా ప్రభువుల్ని మెల్లగా పట్టుకోండి. కొండసాని పాట పాడుతూ దొరికారు."

రాజు కళ్ళు తెరిచాడు. "ఇదీ ఆవిడదేనా?"

"ఆవిడదే. తమరు తల ఊపడం ఒక్కచోటా తప్పలేదు. ఆవిడ సంగీతం తమకు ఉయ్యాల నాటి నుంచీ వచ్చు. రానిదల్లా లింగభట్టు గారికే."

రాజుకు పగలబడి నవ్వాలనిపించింది. ఉయ్యాల వంక చూసి, రెండు చేతులతో నోరు మూసుకుని నవ్వాడు. దండోరా అప్పటికప్పుడే రద్దయింది. వసంతోత్సవంలో మొదటి కచేరీ కొండసానిదని ఆజ్ఞ అయింది.

"నీకేం కావాలో కోరుకో తిప్పాంబా!"

"ముందు వరుస ప్రభూ. ఇన్నేళ్ళూ ఆడవాళ్ళం తెర వెనక కూర్చుని విన్నాం. ఈసారి ముందు వరుసంతా మాది."

"మరి మేమెక్కడ కూర్చోవాలి?"

"తెర వెనక. అక్కడికీ పాట బాగానే వినిపిస్తుంది. మాకు తెలుసుగా!"

ఈసారి రాజు గట్టిగానే నవ్వాడు. పిల్లవాడు లేచాడు. మెడలోని ముత్యాలహారం తీసి తిప్పాంబ చేతిలో పెట్టి, రాజు మళ్ళీ లాలి అందుకున్నాడు.

వసంతోత్సవం నాడు కొండసాని పెద్ద రాగమే ఎంచుకుంది. మొదట గొంతు వణికింది, తర్వాత నిలబడింది. పాట ముగియగానే తెర వెనక నుంచి "భేష్!" అన్న కేక వినిపించింది. అది రాజుగారిది. కాస్త ఆలస్యంగా వినిపించిన రెండోది లింగభట్టుది.