చుక్కల తాత మంచె

“ఏంటే, నా చేలో మంచె పీకేస్తున్నావ్?” మంత్రి అరిచాడు.

“మీ మాట మీదే దొరా,” అంది జొన్నచేను కావలి బంటమ్మ, తాళ్ళు విప్పుతూనే. “చుక్కలు చూసే తాతకి రాజుగారిచ్చే గింజలు మీరే ఆపించారు. దున్నకుండా, కొయ్యకుండా ఊరికే చూసేవాడికి తిండి దండగన్నారు. రేపు ఆయన మంచె కూడా పీకించేస్తారంట. మరి నేనూ చూడ్డమేగా చేసేది?”

అంతలో చిలకల గుంపు చేను మీద వాలింది. మంత్రి హుష్ హుష్ అంటూ చేతులూపాడు.

“కట్టవే తల్లీ! చూసేవాళ్ళు లేకపోతే ఉన్నది కూడా పోద్ది!”

“ఆ మాటే రాజుగారి ముందు చెప్పండి. అప్పుడు కడతా.”

బంటమ్మ కదల్లేదు. చిలకలూ కదల్లేదు. మంత్రి సభకి పరిగెత్తాడు.

“తాత మంచె ఉంచమంటావా? ఎందుకయ్యా?” అన్నాడు రాజు.

మంత్రి తల దించుకున్నాడు.

“చూసేవాళ్ళు లేకపోతే ఉన్నది కూడా పోద్ది!”